ఎవరి బిళ్ళ వాళ్ళే

ఆ చలికాలంలో మా కర్టెన్ల షాపుకి మొదటిసారి తాళం పడింది. అమ్మ పోయిన రోజున కూడా సగం షట్టరు ఎత్తే ఉంచిన మనిషి మా అక్క. అలాంటిది తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో షట్టరు మీద రాసింది: "మంచు చూడ్డానికి వెళ్ళాం. వచ్చాక కుడతాం."

నిజానికి "వెళ్ళాం" కాదు, "వెళ్ళింది" అని ఉండాలి. ఆ ప్రయాణం నా ఒక్కదానిది. భూమికి దక్షిణపు చివర మంచుకొండల మధ్య చిన్న ఓడలో తిప్పుతారని, రబ్బరు పడవల్లో ఒడ్డుకి దింపి పెంగ్విన్ల పక్కన నడిపిస్తారని ఒక కస్టమరు ఇంట్లో గోడ మీద ఫొటోలు చూసి తెలుసుకున్నాను. ఆ ఇంటి కిటికీ కొలుస్తూ కొలుస్తూ, టేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏళ్ళ తరబడి కూడబెట్టి, టికెట్టు చేతికొచ్చాకే అక్కకు చెప్పాను.

అక్క మిషను ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం పంటితో కొరికి, అప్పుడు తలెత్తింది.

"ఎన్నాళ్ళు?"

"రానూ పోనూ మూడు వారాలు."

"మూడు వారాలు నిన్ను మంచులో వదిలేసి నేనిక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుంటాననుకున్నావా?"

"నీకు చలి పడదు కదక్కా."

"నీకు మాత్రం పడి చచ్చిందా? ఫ్యాను రెండులో పెడితే ముసుగు తన్ని పడుకుంటావు. పైగా నీళ్ళంటే భయం. కుళాయి కాస్త గట్టిగా తిప్పితేనే వెనక్కి గెంతుతావు, ఇక సముద్రం ఒకటీ!"

మర్నాటికల్లా తనూ టికెట్టు తెచ్చుకుంది. నా కేబిన్లోనే, పక్క మంచం.

మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎవరైనా ఆ ఊసు ఎత్తితే, "ఖాళీ లేదండీ, ఆర్డర్లున్నాయి" అనేది అక్క, ఇద్దరి తరఫునా. నా కాఫీలో చక్కెర తనే వేస్తుంది. నా చెప్పుల సైజు తనే చెబుతుంది. డాక్టరు "నొప్పి ఎక్కడమ్మా?" అని నన్నడిగితే తనే చూపిస్తుంది. తను చూపించిన చోటే నొప్పి ఉంటుంది కూడా. అదీ నా బాధ.

ఆ ప్రయాణానికి ముందే, మా ఇంటికి రెండు వీధుల అవతల, గడియారాలు బాగుచేసే షాపు పైన ఒక గది చూసుకున్నాను. ఒక గది, పొయ్యి పెట్టుకునే గట్టు, ఒక కిటికీ. ప్రయాణం నుంచి వచ్చాక తాళంచెవి తీసుకుంటానని ఇంటామెకు మాటిచ్చాను. షాపు పని మానను. పొద్దున వస్తాను, సాయంత్రం నా గదికి నేను వెళ్తాను. అంతే. ఇందులో పోట్లాట లేదు, అలక లేదు, మగమనిషి లేడు. ఏ కారణమూ లేకపోవడమే చిక్కు. కారణమంటూ ఒకటుంటే అక్క కూర్చుని దాన్ని సరిచేసేది, వంకర పోయిన కుట్టు విప్పి మళ్ళీ వేసినట్టు. ఏ కారణమూ లేకుండా, నేను ఒక్కదాన్నే ఉండాలనుకుంటున్నాను అని ఆ మనిషికి ఎలా చెప్పడం?

మంచులో ఒంటరిగా తిరిగి, కాస్త ధైర్యం కూడగట్టుకుని, వచ్చాక చెబుదామనుకున్నాను. తీరా చూస్తే, చెప్పాల్సిన మనిషే పక్క మంచం మీద గురక పెడుతోంది.

ఒడ్డు కనుమరుగైన మర్నాడు ఓడలో గైడు మమ్మల్నందరినీ హాల్లోకి పిలిచాడు. తెలుగువాడే, పొడుగ్గా, సన్నటి కాళ్ళతో ఉండేవాడు. అక్క అప్పటికే అతనికి కొంగ అని పేరు పెట్టేసింది. మనం దిగబోయే చోట ఇంతవరకూ గడ్డిపోచ కూడా మొలవలేదని, మన బట్టల్లో దాక్కుని ఒక్క గింజ వెళ్ళినా ప్రమాదమని, అక్కణ్ణుంచి ఒక్క గులకరాయి తెచ్చుకోవడం కూడా తప్పని చెప్పాడు. తర్వాత వాక్యూమ్ గొట్టం పట్టుకుని ఒక్కొక్కరి జేబులూ శుభ్రం చేయించాడు.

అక్క కోటు జేబు తిరగేస్తే దారపు ఉండలు, కర్టెను కొక్కేలు, సుద్దముక్క, గుండుసూదులు, ఎవరికో చూపించిన గుడ్డ పీలిక బయటపడ్డాయి.

"అమ్మా, ఇది జేబా, దుకాణమా?" అన్నాడు కొంగ.

"దుకాణం మూసొచ్చాం బాబూ. జేబైనా తెరిచి ఉండనీ."

అందరూ నవ్వారు. కొంగ నవ్వుతూనే మమ్మల్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గోడకున్న చెక్కబోర్డు చూపించాడు. బోర్డు నిండా మేకులు, మేకుకో గుండ్రటి బిళ్ళ. ఒకవైపు పచ్చ, ఒకవైపు ఎరుపు. ఓడ దిగేటప్పుడు ఎరుపు వైపుకి తిప్పాలి, తిరిగొచ్చాక పచ్చ వైపుకి. బోర్డంతా పచ్చగా ఉంటేనే ఓడ లంగరు ఎత్తుతుంది.

"ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి. మొగుడి బిళ్ళ పెళ్ళాం తిప్పకూడదు, పెళ్ళాం బిళ్ళ మొగుడు తిప్పకూడదు."

"మనకా గొడవ లేదు" అంది అక్క నా చెవిలో.

మా బిళ్ళలు పక్కపక్క మేకులకే ఉన్నాయి. మొదటిసారి ఒడ్డుకి దిగుతూ అక్క రెండు చేతులూ చాచి రెండు బిళ్ళలూ ఒకేసారి తిప్పేసింది, కర్టెను రెండు రెక్కలూ తెరిచినట్టు. తిరిగొచ్చాక అలాగే మూసినట్టు. ఇంట్లో లైట్లు ఆర్పేదీ గడియలు వేసేదీ తనే కదా, ఆ లెక్కలో ఇదీ కలిసిపోయింది.

తర్వాతి రోజులు నాకిప్పటికీ వరసలో గుర్తురావు. అక్కడ అది వేసవి. చీకటి పడితేగా, ఒక రోజుకీ ఇంకో రోజుకీ మధ్య గీత గీసుకోవడానికి? సాయంత్రం సాగి సాగి, ఎక్కడో తెలియకుండా తెల్లవారుజాములోకి జారుకునేది. ఓడ నడుస్తోందో, మంచుకొండలే మా పక్కనుంచి నడిచి వెళ్తున్నాయో తెలిసేది కాదు. కొన్ని కొండలకు లోపల ఎవరో దీపం పెట్టినట్టు నీలం వెలుగు. కొన్నింటికి నిలువునా మడతలు, బీరువాలోంచి అప్పుడే తీసిన దుప్పటిలా. నీళ్ళు కదలనప్పుడు కొండ కింద ఇంకో కొండ తలకిందులుగా వేలాడేది. చాలాసేపు చూస్తే ఏది పైదో ఏది కిందిదో మరిచిపోయేదాన్ని. మరిచిపోవడం హాయిగా ఉండేది.

"తెలుపులో ఇన్ని రకాలుంటాయని తెలిస్తే, కస్టమర్లకి ఇన్నాళ్ళూ ఒకే తెల్లగుడ్డ చూపించి మోసం చేసేదాన్ని కాదు" అంది అక్క.

రబ్బరు పడవలో వెళ్తుంటే చుట్టూ మంచు పెంకులు చిటపటలాడేవి, సోడా గ్లాసులో చెవి పెట్టినట్టు. మంచు కరిగి, అందులో చిక్కుకున్న గాలిబుడగలు పగలడమే ఆ చప్పుడని కొంగ చెప్పాడు. ఎప్పుడో మనుషులు పుట్టకముందు చిక్కుకున్న గాలట. అందరూ మోటారు ఆపించి విన్నారు. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి ఒక్కొక్కటే వదులుతున్నట్టుంది.

ఆ సాయంత్రం డెక్కు మీద ఇద్దరమే ఉన్నాం. ఇదే సమయమనుకున్నాను.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

"ముందా చెవులు కప్పుకో."

టోపీకి ఉన్న చెవి రెక్కలు దించి గడ్డం కింద కట్టుకున్నాను.

"ఆ, ఇప్పుడు చెప్పు."

చెవులు మూసుకున్నాక నా గొంతు నాకే ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది. "ఏం లేదు. బాగుంది కదా అని."

"బాగుంది" అంది అక్క. కాసేపు నీళ్ళ వైపు చూసి, "ఇంటికెళ్ళాక పెద్ద గది నువ్వు తీసుకో. నాకు చిన్నది చాలు" అంది.

"ఎందుకు?"

"ఎందుకేమిటి, ఊరికే. గాలి బాగా వస్తుంది కదా." రెయిలింగు మీద పేరుకున్న మంచుపొడి వేలితో తుడిచి, లోపలికి వెళ్ళిపోయింది.

మా కేబిన్ కిటికీ గుండ్రంగా, పళ్ళెమంత ఉండేది. దానికో చిన్న కర్టెను. మొదటి రోజే అక్క దాని అంచు చూసి, "ఇది కుట్టిన మహాతల్లి ఎవరో, ఒక చేత్తో టీ తాగుతూ కుట్టినట్టుంది" అని సూదీ దారం అడిగి తెచ్చి మళ్ళీ కుట్టింది. నిద్రవేళకు ఆ కర్టెను గట్టిగా మూసేది, చీకటి లేనిచోట మా ఇద్దరికీ సరిపడా చీకటి తయారుచేస్తున్నట్టు. నాకేమో బయట ఆ వెలుగు దండగైపోతోందనిపించేది. దొంగలా మూల ఎత్తి చూసేదాన్ని. సన్నటి వెలుగు చార వెళ్ళి అక్క కనురెప్పల మీద పడేది.

"ఒసేయ్. మూయవే."

మూసేదాన్ని.

ఒక ఉదయం మాత్రం కర్టెను పూర్తిగా తీశాను. కిటికీ నిండా మంచుగోడ, దాని మీద లేత గులాబీ ఎండ.

అక్క చేత్తో కళ్ళు కప్పుకుంది. "కళ్ళల్లో పొడిచినట్టుంది. మూయి."

"కాసేపు ఉండనీ."

"మూయి అన్నానా."

"ఇది నా వైపు కిటికీ అక్కా."

అక్క లేచి కూర్చుంది. "నీ వైపేమిటి, నా వైపేమిటి? కొత్తగా?"

నేను స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. అలిగితే స్నానాలగదిలో కూర్చుని ఉలుకూ పలుకూ లేకుండా ఉండడం చిన్నప్పటి నుంచీ నా పద్ధతి. తలుపు అవతల నుంచి అక్క మాట్లాడుతూనే ఉండడం తన పద్ధతి. కాసేపటికి ఎవరికి ముందు ఆకలేస్తే వాళ్ళు ఓడిపోతారు. ఆ రోజు ఒడ్డుకి వెళ్ళే వేళ కావడంతో ఎవరూ ఓడిపోలేదు. ఒక్క మాటా లేకుండా పడవెక్కాం.

ఆ ఒడ్డు నిండా నల్ల గులకరాళ్ళు. ఎప్పటి వేటగాళ్ళదో పాత చెక్కపడవ ఒకటి బోర్లా పడి, వెన్నెముక బయటపెట్టుకుని ఉంది. నడవాల్సిన దారి పొడుగునా కొంగ ఎర్ర జెండాలు పాతాడు. అందరివీ ఓడవాళ్ళిచ్చిన పసుపు కోట్లే. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. పెంగ్విన్లకూ మాకూ ఆ విషయంలో తేడా లేదు.

కాసేపయ్యాక అక్క మోకాలు నిమురుకుంటూ, ఆ పూట మొదటి మాట మాట్లాడింది. "పద. చాలు."

"నువ్వెళ్ళు. నేను తర్వాతి పడవలో వస్తాను."

అక్క నా వైపు ఒక చూపు చూసి, వెళ్ళి పడవెక్కింది.

నేను బోర్లా పడ్డ పడవ అవతలికి వెళ్ళి గాలి తగలనిచోట కూర్చున్నాను. కొద్ది దూరంలో ఒక సీల్ పడుకుని ఉంది, పరుపులోంచి దూది తన్నుకొచ్చినట్టు ఒళ్ళు చేసుకుని. దాని మీసాల మీద మంచుపొడి. ఊపిరి తీసినప్పుడల్లా ముక్కు రంధ్రాలు తెరుచుకుని మళ్ళీ బొత్తం పెట్టినట్టు మూసుకుంటున్నాయి. నేనూ దానితోపాటే ఊపిరి తీయడం మొదలుపెట్టాను. సముద్రం మీద నుంచి పొగమంచు నెమ్మదిగా వచ్చి ముందు కొండల్ని తీసుకుంది, తర్వాత నీళ్ళని తీసుకుంది, తర్వాత నా బూట్ల దాకా వచ్చి కూర్చుంది. తెల్లటి గదిలో నేనూ సీలూ. గది ఎంత పెద్దదో తెలియదు. ఎంతసేపైందో అంతకన్నా తెలియదు.

"అక్కా, నేను వేరే ఉంటాను" అన్నాను, పైకే.

సీల్ ఒక కన్ను తెరిచింది. రెక్కలాంటి చేత్తో పొట్ట గోక్కుంది. మళ్ళీ పడుకుంది. ఆ మాట ఎవరైనా అంత తేలిగ్గా వింటారని నేనెన్నడూ అనుకోలేదు.

లేచి పడవ చుట్టూ తిరిగి వచ్చేసరికి ఒడ్డు ఖాళీగా ఉంది.

పసుపు కోట్లు లేవు. జెండాలు లేవు. రబ్బరు పడవ ఆగే చోట నీళ్ళు తమ పని తాము చేసుకుంటున్నాయి. నేనింకా నమ్మలేదు. ఇలాంటివన్నీ చూసుకోవడానికి మనుషులుంటారు కదా అనుకున్నాను. అప్పుడు పొగమంచులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఇనుప గొలుసు ఒక్కో లంకెగా పైకి లాగుతున్న చప్పుడు. చెవి రెక్కలు విప్పి విన్నాను. లంగరు.

"అక్కా!"

పొగమంచు ఆ కేకని దూదిలా పీల్చేసుకుంది. ఇంకోసారి అరిచాను. ఒక పెంగ్విన్ మాత్రం తిరిగి చూసింది.

ముప్పు ముంచుకొచ్చినప్పుడు నా నోట వచ్చిన మాట అదొక్కటే. ఎవరి దగ్గర్నుంచి వేరుపడాలనుకుంటున్నానో ఆ మనిషినే పిలిచాను. మూడోసారి పిలవబోయి ఆగాను. గొంతు ఊరుకున్నాక నాకు నా ఊపిరి వినిపించింది. చలేస్తోందా? అని నన్ను నేను అడిగాను. వేస్తోంది. ఎక్కడ? కాళ్ళ వేళ్ళకి. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. వేళ్ళు నావే, చలీ నాదే, చెప్పిందీ నేనే.

దారి తప్పితే ఎక్కడికీ తిరగకుండా పడవ ఆగే చోటే నిలబడాలని కొంగ మొదటి రోజు చెప్పాడు. బూట్ల జాడలు పట్టుకుని నీళ్ళ దగ్గరికి నడిచాను. చేతులు చంకల్లో పెట్టుకుని, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేలకు కొడుతూ నిలబడ్డాను. భయం పోలేదు. కానీ అది పక్కన వచ్చి నిలబడింది, నా మీద కూర్చోలేదు. నీళ్ళలోంచి పెంగ్విన్లు ఒక్కొక్కటే గెంతి బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని, బస్సు దిగి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళలా నా పక్కనుంచే వెళ్ళిపోయాయి.

గొలుసు చప్పుడు ఆగింది. చాలాసేపటికి, చాలాసేపే అనిపించింది, మోటారు శబ్దం వినిపించింది. పొగమంచులోంచి ముందు లైటు, తర్వాత కొంగ మొహం. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా... మీ బిళ్ళ పచ్చగా ఉందమ్మా..." అన్నాడు. నన్ను పడవలోకి లాగి, దుప్పటి కప్పి, దారంతా అదే మాట తిప్పి తిప్పి చెప్పాడు. పొగమంచు కమ్ముతోందని హడావిడిగా జెండాలు పీకేశారట. ఇంకా ఎవరైనా మిగిలారా అని ఓడని అడిగితే, బోర్డంతా పచ్చే అన్నారట. అయినా వచ్చేముందు అతను ఒక కేక పెట్టాడట. చెవి రెక్కలు కట్టుకున్న నాకు అది వినపడలేదు.

ఓడ మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. ఒంటి మీద ఇంట్లో వేసుకునే స్వెట్టరు, కాళ్ళకు చెప్పులు. ఆ చలిలో ఎంతసేపటి నుంచి అలా నిలబడిందో, పక్కన ఎవరో కోటు పట్టుకుని బతిమాలుతున్నా తొడుక్కోలేదు. నేను మెట్లెక్కి పైకొచ్చాను. అక్క కౌగిలించుకోలేదు, తిట్టలేదు.

బోర్డు మీద నా బిళ్ళ ఎర్రగా ఉంది. కొంగ బయల్దేరేముందు తిప్పినట్టున్నాడు. పచ్చటి వరసల మధ్య అదొక్కటే. అక్క చెయ్యి దానికదే పైకి లేచింది. సగం దారిలో ఆగింది. రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకుని కిందికి దించుకుంది.

"నీది నువ్వే తిప్పుకో" అంది.

తిప్పాను. అన్ని రోజుల్లో నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. రేకు బిళ్ళ, నేననుకున్న దానికంటే బరువుగా ఉంది.

కేబిన్లో రెండు దుప్పట్లు కప్పి, వేడి సూపు గిన్నె నా చేతిలో పెట్టి, అక్క ఎదురు మంచం మీద కూర్చుంది. కర్టెను తీసే ఉంది. ఓడ మళ్ళీ కదిలింది. పొగమంచు విడిపోయి, కిటికీలోంచి పలచటి ఎండ వచ్చి మా మోకాళ్ళ మీద పడింది.

"నా వెనకే ఇంకో పడవ బయల్దేరింది" అంది అక్క, నన్ను చూడకుండా. "అందులో పసుపు కోటు, నీలాగే వంగి కూర్చుంది. నువ్వే అనుకున్నా. తిప్పేశాను. ఈ మోకాలితో మెట్లెక్కి ఇక్కడికొచ్చేసరికి స్నానాలగది తలుపు మూసుంది. లోపల ఫ్యాను మోగుతోంది. పొద్దున్నదింకా తేలలేదు కదా, నాకంటే ముందొచ్చి కూర్చున్నావనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? మాట్లాడాను."

"తలుపుతోనా?"

"నీతో మాట్లాడితే మాత్రం తేడా ఏముంటుంది? చాలాసేపు మాట్లాడాను. ఇంతలో తువ్వాళ్ళు మార్చే అమ్మాయి వచ్చి, 'పక్కకు జరగండమ్మా' అని తలుపు తోసింది. ఖాళీ."

తర్వాత డెక్కు మీదికి పరుగెత్తి ఎలా అరిచిందో, ఓడ ఎలా ఆపించిందో తను చెప్పలేదు. మర్నాడు మిగతావాళ్ళు చెప్పారు.

నేను గిన్నె పక్కన పెట్టాను. "అక్కా, నీకో మాట చెప్పాలి."

"గది సంగతేగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఊరంతటికీ ఉన్నది ఒక్క కర్టెన్ల షాపు. ఆ ఇంటామెకి నీ గది కిటికీకి కర్టెను కావాలంటే ఎవరి దగ్గరికొస్తుంది? నువ్వు కొలతలకి వెళ్ళిన పూట వచ్చింది. 'మీ చెల్లెలికేగా, కాస్త మంచి గుడ్డ చూపించండి' అంది."

"నువ్వేమన్నావు?"

"ఆ సైజు మేం కుట్టం అన్నాను."

నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క నవ్వలేదు.

"అందుకేనా నాతో వచ్చావు?"

"మంచులో తిరిగితే నీ మనసు మారుతుందేమోనని వచ్చాను. పెద్ద గది ఇస్తానన్నాను. 'ఎందుకు' అన్నావు. ఇంకేం ఇవ్వను?"

"నువ్వేం తక్కువ చేశావని కాదక్కా."

"తెలుసు. తక్కువ చేసుంటే సరిచేద్దును."

ఓడ పక్కనుంచి ఏదో మంచుముక్క రాసుకుంటూ వెళ్ళింది. గీరుకున్న చప్పుడు చాలాసేపు మా కాళ్ళ కింద నడిచింది.

"తలుపుకి ఏం చెప్పావు?" అన్నాను.

"అన్నీ చెప్పాను. తిట్టాను. బతిమాలాను కూడా, మధ్యలో ఎక్కడో. మళ్ళీ చెప్పే ఓపిక లేదు, అడక్కు." స్వెట్టరు చేతులు కిందికి లాక్కుంది. "ఒకటి మాత్రం అర్థమైంది. లోపల ఎవరూ లేకపోయినా నా నోరు ఆగదు. ఇక నువ్వుంటే ఎంత, లేకపోతే ఎంత?"

ఈసారి తనే నవ్వింది. నవ్వు ఆగిపోయాక కూడా భుజాలు కాసేపు కదులుతూనే ఉన్నాయి. నేను కిటికీ వైపు చూశాను.

"ఒడ్డున నన్ను పిలిచావా?" అంది.

"పిలిచాను. రెండుసార్లు."

"వినపడలేదే."

"వినపడదని తెలిసింది. అందుకే ఆపేశాను."

"మరేం చేశావు?"

"నీళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కాళ్ళు నేలకి కొట్టుకుంటూ."

అక్క ఆ మాట చాలాసేపు మనసులో అటూ ఇటూ తిప్పుకుంది, గుడ్డ నాణ్యత చూసినట్టు. "ఊ" అంది చివరికి. నా కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుని వేళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. ఎక్కడ చలేస్తోందో అడిగి మరీ రుద్దింది.

మర్నాడు కొంగ అందర్నీ పిలిచి బిళ్ళల నిబంధన మళ్ళీ చెప్పాడు, పాపం, మా వైపు చూడకుండా. అక్క చెయ్యెత్తి, "నేనే బాబూ" అంది. మిగిలిన రోజులన్నీ తన బిళ్ళ తను తిప్పుకుని, నేను నాది తిప్పేదాకా పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. ఒకసారి కావాలనే ఆలస్యం చేశాను. "త్వరగా కానీవే, తిరగలి తిప్పుతున్నట్టు" అంది కానీ చెయ్యి మాత్రం కదల్చలేదు.

ఊరికొచ్చిన వారానికి తాళంచెవి తీసుకున్నాను. సామాను తరలించే రోజు అక్క రాలేదు. "ఆర్డర్లున్నాయి" అంది. నిజమే, మూడు వారాల పని పేరుకుపోయి ఉంది. షాపులో మునుపట్లాగే మిషన్ల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. పోట్లాడుకునేవాళ్ళం, టీ తాగేవాళ్ళం. సాయంత్రం షట్టరు దించాక తను అటు, నేను ఇటు. మొదట్లో ఆ మలుపు దగ్గర ఇద్దరమూ ఏదో మరిచిపోయినట్టు ఒక క్షణం ఆగేవాళ్ళం.

నా కిటికీకి ఏమీ కట్టలేదు. సాయంత్రపు వెలుగు గోడ మీద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి నేల మీదికి తన ఇష్టమొచ్చినంత సేపు నడిచి వెళ్ళేది. నేను చూస్తూ కూర్చునేదాన్ని. కింద షాపులో గడియారాలు ఒకదాని వెనక ఒకటి మోగేవి, ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవకుండా.

మా ఊళ్ళో ఎండలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక మెట్టు గట్టిగా, ఒక మెట్టు మెల్లగా. ఆ మోకాలు ఎవరిదో నాకు తెలుసు. గాలి కోసం తలుపు బార్లా తెరిచి ఉంచాను. అడుగులు గుమ్మం పక్కన ఆగాయి. గోడ చాటు నుంచి చెప్పుల చివరలు, చేతిసంచి మూల కనిపిస్తున్నాయి. మా ఇంట్లో తలుపు కొట్టి రావడమనేది ఎవరికీ తెలియదు. అక్కకైతే మరీను.

తెరిచి ఉన్న తలుపు మీద చప్పుడైంది.

"రా అక్కా" అనొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకోసారి కొడుతుందేమోనని ఆగాను.

కొట్టింది.